పొద్దుటి మ్యాచ్

"ఇక్కడ నిలబడి చూడొచ్చా?"

వృద్ధాశ్రమం హాలు గుమ్మంలో ఓ పొడుగాటి మనిషి. నెరిసిన మీసం. జాకెట్ మీద టీవీ సంస్థ ముద్ర.

టీవీ ముందు కూర్చున్న ముసలివాళ్లంతా ఒక్కసారి వెనక్కి తిరిగారు.

"వచ్చారండీ దొరగారు!" చక్రాల కుర్చీలోంచి అందుకున్నాడు క్లీట్. "ఏమయ్యా, తుఫానేదీ? ఒకసారి కిటికీలోంచి చూడు. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది."

ఆ మనిషి నవ్వాడు.

"నవ్వుతావేం? ఈ శనివారం రాత్రి ఆడాల్సిన నాకౌట్ మ్యాచ్. పగలంతా స్టేడియం బయట పొయ్యిలు పెట్టి, మాంసం కాల్చుకు తిని, బీరు తాగి, అప్పుడు లోపలికి వెళ్లడం మా కాన్సస్ పద్ధతి. మంచు తుఫానొస్తుందని పొద్దున పదకొండింటికి మార్చారు మీ టీవీ వాళ్లు. పాన్‌కేకులు తినే వేళ ఫుట్‌బాలా? మా అల్లుడు తెల్లారకముందే లేచి పక్కటెముకల మాంసం కాల్చి తెచ్చాడు. సగం పచ్చి!"

అందరూ నవ్వారు. నోరీన్ ఒక్కతే నవ్వలేదు.

తండ్రి చెయ్యి పట్టుకుని ఆమె టీవీకి దగ్గరగా కూర్చుంది. ఆ తండ్రి, ఆరిన్, ఒకప్పుడు ఈ ఊరి కాలేజీ జట్టుకి కోచ్. బంతిని చేత్తో విసిరి, పట్టుకుని పరుగెత్తే అమెరికా ఫుట్‌బాల్. ఇప్పుడాయన మతి మధ్యాహ్నం దాకానే. పొద్దు వాలితే కన్నకూతురు కూడా ఎవరో పరాయి మనిషి.

నోరీన్ కొడుకు వేడ్ అదే జట్టులో ఆడుతున్నాడు. చదువుకి ఇదే చివరి ఏడాది. టీవీ కోసం వాళ్ల మ్యాచులన్నీ రాత్రిళ్లే పెట్టారు. ఆడుతున్నది తన మనవడేనన్న తెలివితో ఆరిన్ ఒక్క ఆటా చూడలేదు. ఈరోజు ఓడితే ఇక చూడడానికి ఆటే ఉండదు.

ఈ మ్యాచ్ కూడా రాత్రికేనని ప్రకటించినప్పుడు నోరీన్ ఉండబట్టలేక టీవీ సంస్థకి ఫోన్ చేసింది. ఎవరెవరికో తిప్పి, ఇంకో నంబరిచ్చారు. చివరికి ఎవరో ఎత్తి ఓపిగ్గా విన్నారు. తండ్రి జబ్బు, కొడుకు ఆట, ఈ ఆశ్రమం పేరు, అన్నీ చెప్పుకుని ఏడ్చింది.

"ఆయనకి ఏ వేళప్పుడు బావుంటుంది మేడమ్?"

"పొద్దున. భోజనాల దాకా."

"నేను మాటివ్వలేను" అని అవతలి మనిషి పెట్టేశాడు.

రెండు రోజులకి తుఫాను పేరుతో సమయం మారింది. ఊరంతా తిట్టుకుంటుంటే, నోరీన్ మాత్రం ఆ తుఫానుకి దణ్ణం పెట్టుకుంది.

ఇప్పుడు ఈ మనిషెందుకొచ్చినట్టు?

మతి తప్పిన పాత కోచ్, మైదానంలో మనవడు. టీవీ వాళ్లకి ఇంతకంటే ఏం కావాలి? ఆమె విసురుగా లేచింది.

"మా నాన్నని చూపించి దేశాన్ని ఏడిపించాలనా?"

"అయ్యో, అది కాదు మేడమ్. నేను..."

"కెమెరా ఎక్కడ దాచారు? బయటికి నడవండి!"

కూతురి గొంతు పెరగడంతో ఆరిన్ బెదిరిపోయి కుర్చీలో ముడుచుకున్నాడు. అది చూసి, ఆ మనిషి చెప్పబోయిన మాట మింగేశాడు.

"క్షమించండి" అని వెనక్కి వెళ్లాడు. ఆయా లూపే తలుపు వేసింది.

ఆట మొదలైంది.

స్టేడియం పక్క వీధిలోనే. అక్కడి కేకలు ముందు కిటికీలోంచి వినిపిస్తాయి. బొమ్మ కాసేపాగి టీవీలోకొస్తుంది.

"నాన్నా, చూడు. వేడ్."

"ఊఁ" అన్నాడు ఆరిన్, ఎటో చూస్తూ.

సగం ఆట అయిపోయింది. వరండాలో భోజనాల బండి చప్పుడు. ఆయన కళ్లు అప్పుడే మసకబారుతున్నాయి. 

కిటికీ అదిరేలా స్టేడియం ఒక్కసారి హోరెత్తింది.

ఆరిన్ తల లేచింది.

"బంతి మనవాళ్లు లాక్కున్నారు" అన్నాడు స్పష్టంగా.

అప్పుడొచ్చింది బొమ్మ. ప్రత్యర్థి విసిరిన బంతిని గాల్లోకి ఎగిరి పట్టుకుని ఓ కుర్రాడు గోల్ గీత వైపు పరుగెత్తుతున్నాడు.

"వేడ్!" ఆరిన్ కుర్చీలోంచి సగం లేచి కేక పెట్టాడు. "భుజం దించరా వేడ్! ఎన్నిసార్లు చెప్పాన్రా నీకు!"

తర్వాత కూతురి వైపు తిరిగాడు.

"వీడికి అన్నీ నీ పోలికలే నోరీన్. చెప్పిన మాట విని చావడు."

నోరీన్ ఆయన చేతిలో మొహం దాచుకుని ఏడ్చేసింది.

"పచ్చి మాంసం తిన్నా ఫర్లేదులే" అన్నాడు క్లీట్, ముక్కు చీదుకుంటూ. "పొద్దున పెట్టడమే మంచిదైంది."

చివరికి జట్టు ఓడింది. అప్పటికి ఆరిన్ నిద్రపోయాడు.

సోమవారం ఉదయం నోరీన్ ఆశ్రమం నుంచే ఆ నంబరుకి మళ్లీ ఫోన్ చేసింది. సాయం చెయ్యలేకపోయినా ఓపిగ్గా విన్న మనిషికి ఒక్క మాట చెప్పాలనిపించింది.

ఓ అమ్మాయి ఎత్తింది.

"ఇది ప్రూయిట్ గారి సీటండీ. ఏ మ్యాచ్ ఎప్పుడో నిర్ణయించేది ఆయనే."

"ఒకసారి ఇస్తారా?"

"ఆయన్ని గురువారమే తీసేశారండీ. లేని తుఫాను ఉందని చెప్పి మొన్నటి కాన్సస్ మ్యాచ్ పొద్దుటికి మార్చేశారు. తెలిసేసరికి మళ్లీ రాత్రికి మార్చే వీల్లేకపోయింది. రాత్రయితే ఎన్నో రెట్ల మంది చూసేవాళ్లు. ఎందుకు మార్చావని పెద్దవాళ్లు ఎంత అడిగినా ఆయన నోరు విప్పలేదు."



"ఆయన... పొడుగ్గా, నెరిసిన మీసంతో ఉంటారా?"

"అవునండీ. మీకు తెలుసా?"

ఫోన్ పెట్టేసి, నోరీన్ పరుగున లూపే దగ్గరికెళ్లింది.

"ఆ రోజు వచ్చినాయన ఎటెళ్లాడు లూపే?"

"ఎటూ వెళ్లలేదమ్మా" అంది లూపే. "తలుపవతల బల్ల మీదే కూర్చున్నాడు. మీ నాన్నగారు మనవణ్ణి పేరు పెట్టి పిలిచారు చూడండి, ఆ కేక వినగానే కళ్లు తుడుచుకుని, 'ఇక చాలు, నేను చేసింది తప్పు కాదు' అనుకుంటూ వెళ్లిపోయాడు."