ఇంకొకరు లోపల ఉన్నారు

"తక్కువలో అయిపోవాలండీ. నెలనెలా మనిషికింత అని కట్టే స్తోమత నాకు లేదు" అంది ప్రెస్సు యజమానురాలు.

మందుసీసాల లేబుళ్లు అచ్చువేసే చిన్న ప్రెస్సు అది. అద్దె భారమై ఆఫీసు గది వదిలేసింది. ఇక మిషన్ల షెడ్డూ, అందులో ఓ మూల కంప్యూటరూ మిగిలాయి. డిజైన్లూ, బిల్లులూ, సరుకు వివరాలూ అన్నీ దాంట్లోనే. ఇంట్లో కూర్చుని వాటిని వాడుకునే దారి చూడమని కంప్యూటర్ మెకానిక్‌ను పిలిచింది.

అతను కాసేపు అటూ ఇటూ కెలికాడు. "అలాంటి ప్రోగ్రాం ఇందులో ముందే ఉందే! కొత్తగా ఏమీ కొనక్కర్లేదు మేడం. కంప్యూటర్ కట్టేయకుండా ఉంచితే చాలు. కాకపోతే ఒకసారికి ఒక్కరే. రెండోవాళ్లు లోపలికొస్తే మొదటివాళ్లు బయటికి పోతారు. ఎవరు పెట్టించారిది?"

"అక్క." ఆమె చూపు ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ మీద పడింది. దాని మీది మెత్త ఇంకా ఒకవైపుకే నలిగి ఉంది. "ప్రెస్సు ఇద్దరం కలిసే పెట్టాం."

"అయితే పాస్‌వర్డు ఆవిడనే అడిగి..."

"నాకు తెలుసు. అక్కని అడిగే వీల్లేదు."

"అయ్యో! ఎన్నాళ్లయింది?"

"పోయిన వానాకాలం. ఇక ఆ మాట ఎత్తకండి."

అతను నాలిక కరుచుకున్నాడు.

కొన్నాళ్లు బాగానే నడిచింది. ఓ మధ్యాహ్నం ఆమె ఇంట్లో కూర్చుని లేబులు తయారుచేస్తుంటే తెర నల్లబడింది. 'ఇంకొకరు లోపల ఉన్నారు' అని ఒక్క వాక్యం కనబడింది. వెంటనే షెడ్డులో మిషన్ నడిపే పెద్దాయన ఫోను.

"అమ్మా, కంప్యూటర్లో ఉన్నది మీరేనా? కుర్చీలో ఎవరూ లేరు. బాణం గుర్తు మాత్రం తిరుగుతోంది."

"నేను కాదు."

పెద్దాయన "అయితే సరేనమ్మా" అని పెట్టేశాడు.

ఆమె మళ్లీ లోపలికి వెళ్లి చూసింది. అది దగ్గుమందు లేబులు. పెద్దలు తాగాల్సిన మోతాదు తను పిల్లల వరుసలో కొట్టేసింది. ఎవరో దాన్ని సరిచేశారు. అలాగే అచ్చుకి పోయుంటే? అంతేకాదు, అక్షరాలు ఊపిరి పీల్చుకునేలా మధ్యలో కాస్త ఎడం పెట్టారు. అలా పెట్టేది అక్క ఒక్కతే.

ఆ పూట అన్నం సహించలేదు.

అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం అదే తంతు. తెర నల్లబడేది. తిరిగి వెళ్లేసరికి తప్పులు మాయమయ్యేవి. ఆమెకి భయం వేసేది. ఆ వేళ దాటినా తెర వెలుగుతూనే ఉంటే ఇంకా భయం వేసేది.

చివరికి ఓరోజు లేబులు అంచున కొట్టింది: 'అక్కా, నువ్వేనా?'

తెర నల్లబడింది. తిరిగి లోపలికి వెళ్తే ఆ ప్రశ్న లేదు. దాని చోట ఇంకో వాక్యం ఉంది.

'అచ్చుకి పంపేముందు పైకి చదువుకోమని ఎన్నిసార్లు చెప్పాను, మొద్దూ?'

తెర ఊరికే నల్లబడుతోందని అంతకుముందే కబురు పెడితే, మెకానిక్ సరిగ్గా అప్పుడే ఇంటికి వచ్చాడు. అది చదివి అతని మొహం పాలిపోయింది.

"మిమ్మల్ని మొద్దూ అని ఎవరు..."

"అక్క."

"పాస్‌వర్డు మార్చేస్తాను మేడం. పోయినవాళ్లని ఇలా పట్టుకుని కూర్చోకూడదు."

"వద్దు!" అతని చేతికింద నుంచి కీబోర్డు లాక్కుంది. 'రేపు కూడా రా' అని కొట్టింది.

తెర నల్లబడింది. ఆమె తిరిగి లోపలికి వెళ్లింది.

'సరే' అని ఉంది.

పోయిన వానాకాలం ప్రెస్సు గొడవలో మాటలు మానేసి, ఇల్లు పంచుకుని మధ్యలో గోడ కట్టించుకున్న అక్క, ఆ గోడకి అవతల తన కంప్యూటర్ కట్టేసి ముక్కు చీదుకున్న చప్పుడు ఆమెకి స్పష్టంగా వినిపించింది.