గులాబీ ఉప్పునీళ్ళు

పక్కింటి గెర్నోట్‌కి పక్షవాతం వచ్చిందన్న కబురు వినగానే ట్రౌడి వంటింట్లో కుర్చీలో కూలబడిపోయింది. ఎదురుగా ఆమె భర్త ఆల్ఫోన్స్ మామూలుగానే తన గులాబీ ఉప్పునీళ్ళు తాగుతున్నాడు.

ఆ పిచ్చి ఈస్టర్‌కి ముందు మొదలైంది. వాళ్ళుండే హల్లైన్‌లో కొండ కడుపునిండా ఉప్పే. ఆల్ఫోన్స్ ఉద్యోగమంతా ఆ ఉప్పు గనిలోనే గడిచింది. అలాంటివాడు ఎవడి ఉపన్యాసమో విని, ఎక్కడి నుంచో వచ్చిన గులాబీరంగు హిమాలయాల ఉప్పు గడ్డలు కొనుక్కొచ్చి, రోజూ నీళ్ళలో కరిగించుకు తాగడం మొదలుపెట్టాడు. అందులో ఎనభై నాలుగు ఖనిజాలున్నాయట. రక్తపోటు దానంతటదే దిగొస్తుందట. డాక్టరిచ్చిన మాత్రలు చెత్తబుట్టలో పడ్డాయి. ట్రౌడి బతిమాలింది, ఏడ్చింది, కొన్నాళ్ళు మాటలు మానేసింది. అతను వింటేగా.

తీరా చూస్తే అతని రక్తపోటు అదుపులోనే ఉంది. ఇక పట్టపగ్గాల్లేవు. బీరు గ్లాసు పట్టుకున్న ప్రతిచోటా అదే ప్రచారం.

గెర్నోట్ భార్య హెద్విగ్ ఓరోజు దిగులుగా వచ్చింది.

“నిజం చెప్పవే ట్రౌడీ. మా ఆయనా రక్తపోటు మాత్రలు మానేస్తానంటున్నాడు. మీ ఆయన నిజంగానే మాత్రలు మింగట్లేదా, గొప్పలు పోతున్నాడా?”

“మింగట్లేదు. ఈస్టర్ నుంచీ ఒక్కటీ నోట్లో వేసుకోలేదు” అంది ట్రౌడి. ఇంకేదో చెప్పబోయింది. అంతలో గుమ్మంలోకి ఆల్ఫోన్స్ వచ్చాడు. ఆగిపోయింది.

ఇప్పుడు ఆసుపత్రిలో గెర్నోట్ మూతి వంకరపోయి, కుడి చెయ్యి చచ్చుబడి పడుకుని ఉన్నాడు. ఆల్ఫోన్స్ మంచం పక్కన నిలబడి తల పంకించాడు.

“ఉప్పునీళ్ళు సరిగ్గా కలుపుకుని ఉండడు. నన్ను చూడు హెద్విగ్, గుర్రంలా లేనూ?”

హెద్విగ్ అతన్ని చూడలేదు. ట్రౌడినే చూసింది.

“నువ్వు చెప్పావనే నేను అడ్డుపడలేదే” అంది మెల్లగా.

ట్రౌడి నోరు విప్పుదామంటే పక్కనే ఆల్ఫోన్స్. ఇంటికొచ్చే దారి పొడుగునా అతను ఖనిజాల గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. ఆమె కారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున్న ఆల్ఫోన్స్ లేవకముందే ట్రౌడి వంటింట్లోకి వెళ్ళి, అతని రక్తపోటు మాత్రని రోజూలాగే చెంచాతో మెత్తగా నూరి, ఆ గులాబీ నీళ్ళలో కలిపింది.