కాళ్లు కోసిన కుర్చీ

"కాల్చనా నాన్నా?"

"ఆగు. పక్కకి తిరగనీ."

జింక పక్కకి తిరిగింది. రొమ్మంతా కనబడేలా నిలబడింది కూడా. మారెన్ ఊపిరి బిగబట్టి, వేలు తుపాకీ మీట మీదికి తెచ్చింది.

"ఆడది. వెనకాల పిల్ల ఉంటుంది. వదిలెయ్," అన్నాడు తండ్రి కర్ట్ ఆమె చెవి దగ్గర.

పిల్లా లేదు, గిల్లా లేదు. జింక ఒక్కటే మొక్కజొన్న కోసేసిన చేను దాటి, బర్చ్ చెట్ల వెనక్కి తాపీగా వెళ్లిపోయింది. పొద్దున్నుంచి ఇది మూడోది. మొదటిది మరీ దూరమన్నాడు. రెండోదానికి కొమ్మ అడ్డమన్నాడు. ఆ కొమ్మ ఎక్కడుందో మారెన్‌కి ఎంత వెతికినా కనిపించలేదు.

ఆమెకి పదకొండేళ్లు. తుపాకీ పట్టుకుని వేటకి రావడం ఇదే మొదలు. అక్టోబరులో పిల్లల కోసమని రెండు రోజులు వేటకి అనుమతి ఇస్తారు. అందుకని నాన్న ఫోను చేసి పిలిస్తే, మాడిసన్‌లో అమ్మ దగ్గర్నుంచి నాలుగు గంటలు బస్సులో కూర్చుని వచ్చింది.

మాటు గుడారంలో ఆమెకి ఏ లోటూ లేదు. వంటింటి కుర్చీ ఒకటి తెచ్చి, ఆమె పాదాలు నేలకి ఆనేలా దాని కాళ్లు రంపంతో కోసేశాడు కర్ట్. ఎండుటాకులు ఊడ్చి పాత కంబళి పరిచాడు. ఆమె బూట్లలో వేడి సంచులు పెట్టాడు. చాక్లెట్ల కాగితాలు చప్పుడు చేస్తాయని, అన్నీ ముందే ఒలిచి గుడ్డసంచిలో పోసి తెచ్చాడు. తుపాకీలో తూటాలు నింపడం తన పనేనని చెప్పి, బోల్టు లాగి మూసి, స్టాండు మీద పెట్టి ఇచ్చాడు.

"చలేస్తోందా?"

"లేదు."

"వేడిగా చాక్లెట్ పాలు పొయ్యనా?"

"ఇందాకే తాగాను."

"నడుం నొప్పిగా ఉందేమో. దిండు సర్దుతానుండు."

"నాన్నా, జింకలు వింటాయి."

"విననీలే."

చుట్టాలకి ఇలాగే మర్యాదలు చేస్తారు, అనుకుంది మారెన్. ఇంట్లోవాళ్లని ఎవరూ ఇన్నిసార్లు దిండు కావాలా అని అడగరు. బ్రోడీని నాన్న అలా అడగడం ఆమె చూడలేదు.

బ్రోడీ నాన్న కొత్త భార్య కొడుకు. కిందటేడు, పదేళ్లకే, కొమ్ముల జింకని కొట్టాడు. ఆ ఫొటో ఫ్రిజ్ తలుపు మీద ఉంది. అందులో బ్రోడీ భుజం మీద నాన్న చెయ్యి ఉంది. ఈ పొద్దున పాలు తియ్యబోయి మారెన్ దాని ముందు కాసేపు నిలబడిపోయింది. పక్కన ఇంకో ఫొటోకి చోటుంది.

"నీ వల్ల కాదులే. ఒట్టి చేతులతో వస్తావు చూడు," అన్నాడు బ్రోడీ నోటి నిండా రొట్టెతో.

ఇప్పుడు గుడారంలో మారెన్ అడిగింది. "బ్రోడీకి కూడా కుర్చీ కాళ్లు కోశావా?"

"వాడికా? బకెట్టు బోర్లించి దాని మీద కూర్చోబెట్టాను. ముప్పావుగంటలో కొట్టేశాడు వెధవ," అని కర్ట్ నవ్వాడు.

మారెన్ నవ్వలేదు. వాడి మీద నమ్మకం ఉంది కాబట్టి కొట్టనిచ్చాడు. తన మీద లేదు కాబట్టి చాక్లెట్లు పెడుతున్నాడు. ఒట్టి చేతులతో వెళ్తే వచ్చే ఏడు ఫోనే చెయ్యడు.

గుడారం చిన్నది. ఇద్దరి మోకాళ్లూ తగులుతున్నాయి. అయినా మాట్లాడుకోవడానికి ఏమీ దొరకలేదు.

"అమ్మ బాగుందా?" అన్నాడు కర్ట్.

"బాగుంది."

"బడి?"

"అదీ బాగుంది."

పైన బాతుల బారు ఒకటి అరుచుకుంటూ పోయింది. అది వినపడనంత దూరం పోయేదాకా ఇద్దరూ విన్నారు.

అప్పుడొచ్చింది ఎనిమిది మొనల కొమ్ములున్న జింక. ముప్పై అడుగుల దూరంలో ఆగి, రాలిన మొక్కజొన్న గింజలు ఏరుకుంటోంది. కర్ట్ వంగి ఫ్లాస్కులోంచి కప్పులోకి పాలు పోస్తున్నాడు. చూడలేదు.

మారెన్ ఈసారి అడగలేదు. అడిగితే ఏదో వంక చెబుతాడు. చెంప తుపాకీకి ఆనించింది. సగం ఊపిరి వదిలి, వేసవిలో అతను నేర్పినట్టే మెల్లగా మీట నొక్కింది.

టిక్కుమంది. అంతే.

జింక తలెత్తి గుడారం వైపు చూసింది. తెల్లతోక ఎత్తి రెండు గెంతుల్లో అడవిలో కలిసిపోయింది.

"పేలలేదు నాన్నా." మారెన్ తండ్రి వైపు తిరిగింది. "నువ్వు చెప్పినట్టే నొక్కాను. నేనేం తప్పు చేశానో తెలీదు. ఇంకోటి వస్తే కొడతాను. తప్పకుండా కొడతాను. బ్రోడీ కొట్టినదాని కంటే పెద్దది."

కర్ట్ చేతిలో కప్పు పొంగి పాలు చేతితొడుగు మీదుగా కారుతున్నాయి. అతను చూసుకోలేదు.

"నువ్వేం తప్పు చెయ్యలేదు తల్లీ."

"మరి తూటా పాడైందా?"

కర్ట్ కప్పు కింద పెట్టాడు. తడిసిన తొడుగు విప్పి, దాన్ని చాలాసేపు పిండాడు.

"జింక పడితే ఆ పూటే నిన్ను తెచ్చి దింపెయ్యమంది మీ అమ్మ," అన్నాడు ఆమె కళ్లలోకి చూడకుండా. "పడకపోతే రేపు సాయంత్రం దాకా ఉంచుకోవచ్చంది. అందుకని తూటాలు ఇంట్లోనే పెట్టేసి వచ్చాను."