బొంతకు అడుగుపొర

“ఆ చీర వదులు బాలా! మర్యాదగా వదులు!”

వరూధిని కేకకు పక్కింటి కుక్క మొరిగింది. చెల్లెలు బాలాత్రిపురసుందరి మాత్రం వదల్లేదు. ముక్కుపొడుం రంగు నూలుచీర ఒక కొస ఆమె చేతిలో, రెండో కొస అక్క చేతిలో.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో వరూధిని ఫ్లాటు అది. హాలంతా వాళ్ళమ్మ చీరలు కుప్పలుగా పడున్నాయి. అమ్మ పోయాక ఆమె అల్మారా తెరవడం ఇదే మొదలు. ఆ చీరలతో తనకొకటి, చెల్లెలికొకటి బొంతలు కుట్టించాలని వరూధిని జిగణి నుంచి ఓబులమ్మను పిలిపించింది. ఓబులమ్మ వస్తూనే మూట విప్పి నమూనా బొంతలు పరిచింది. అక్క నక్షత్రం బొంత కావాలంది, చెల్లెలు గడుల బొంత చాలంది. గళ్ళ పక్కన పూలు నప్పవని ఒకరు, ఎరుపు ఎక్కువైతే నిద్ర పట్టదని ఒకరు. అంతదాకా బాగానే ఉంది.

అప్పుడు ఓబులమ్మ అంది: “పైన ఎన్ని ముక్కలైనా అతకొచ్చు తల్లీ. ఒంటికి తగిలే అడుగుపొర మటుకు ఒకటే చీర ఉండల్ల, కొయ్యకూడదు. బాగా కట్టి కట్టి మెత్తబడిన నూలుచీర చూడండి. అమ్మ ఒళ్ళో పండుకున్నట్టే ఉంటాది.”

అని ఆకూవక్కా నోట్లో వేసుకుందో లేదో, అక్కాచెల్లెళ్ళ చేతులు ఒకేసారి ఈ చీర మీద పడ్డాయి.

“నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు అమ్మ ఈ కొంగు తడిపే నుదుటి మీద వేసింది” అంది బాలా.

“అప్పటికి ఈ చీరెక్కడిదే? నా పెళ్ళయ్యాక కొన్నాం, చిక్కపేటలో. బేరమాడింది నేనే.”

“చిక్కపేటా? వెంకటగిరి చీరే ఇది! ఇంటికి మూట తెచ్చి అమ్మినాయన దగ్గర కొనింది. నాకు బాగా గుర్తు.”

“నీకన్నీ గుర్తే, అమ్మ మాత్రల టైము తప్ప!”

ఓబులమ్మ చెయ్యూపుతూ లేచింది. ఏదో చెప్పబోయింది గానీ నోటి నిండా ఆకురసం. ఉమ్మడానికి చోటు కోసం నాలుగు దిక్కులూ చూసి బాత్రూమ్ వైపు నడిచింది.

బాలా చీరను ముక్కుకు ఆనించుకుంది. ఆమె కళ్ళు నిండాయి. “చూడు, అమ్మ ఆకువక్క వాసన కూడా పోలేదు.”

“అందుకే నాకు కావాలంటున్నా. చివరిదాకా ఆమెను చూసుకుంది నేను.”

“చూసుకున్నావు, సరే. ఆదివారమైతే మారతహళ్ళి నుంచి ఆ ట్రాఫిక్‌లో పడి వచ్చింది ఎవరు? ఇక ఆ బాధ కూడా లేదులే.”

పొద్దున్నుంచీ వరూధిని భయం అదే. ఇంట్లోకీ బాల్కనీలోకీ అన్నిసార్లు తిరిగింది ఆ భయంతోనే. అమ్మ లేదు, ఇక చెల్లెలు ఈ గడప ఎందుకు తొక్కుతుంది? బొంతలు ఒక సాకు. రంగులకోసారి, కుట్టుకోసారి అయినా వస్తుందని ఆశ. ఆ సాకే ఇప్పుడు తిరిగి మెడకు చుట్టుకుంది.

ఓబులమ్మ మూతి తుడుచుకుంటూ వచ్చింది. “అమ్మా, ఆ కోక...”

“తెలుసు ఓబులమ్మా, నలిగిపోయింది, చిరుగుతుంది అంటావు. ఫరవాలేదు” అంది వరూధిని.

“అది కాదు తల్లీ, ఆ కోక...”

“నువ్వు కాసేపు ఊరుకో!” అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో.

బాలా చీర కొస వదిలేసింది. బ్యాగు భుజాన వేసుకుని చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. “అన్నీ నువ్వే ఉంచుకో అక్కా. నాకు బొంతా వద్దు, ఏమీ వద్దు. కుట్టించుకుని హాయిగా పడుకో.”

తలుపు మూసుకుంది. లిఫ్టు వచ్చిన చప్పుడు. వరూధిని చీరను గుండెలకు అదుముకుని, చెప్పులైనా లేకుండా పరుగెత్తింది. మూసుకోబోతున్న లిఫ్టు తలుపుల మధ్య చెయ్యి పెట్టింది.

“తీసుకోవే! నీకే! అమ్మ పోయింది, నువ్వు కూడా ఇట్లా పోతే నేనెవరితో పోట్లాడాలి?”

బాలా లిఫ్టులోంచి బయటికొచ్చింది. అక్క వట్టి కాళ్ళు చూసింది. ఆ చీర కొంగుతోనే అక్క కళ్ళు తుడిచింది.

“నీకు పిచ్చి అక్కా. చేతులు నలిగిపోయేవి. ఒక పని చేద్దాం. రెండు బొంతలు వద్దు, ఒక్కటే కుట్టిద్దాం. ఈ నెల నీ దగ్గర, వచ్చే నెల నా దగ్గర.”

“మరి తెచ్చేదెవరు?”

“ఒకసారి నేను తెస్తా, ఒకసారి నువ్వొచ్చి పట్టుకుపో. పైన నక్షత్రమే పెట్టించు, నీ ఏడుపెందుకు.”

“గడులే పెట్టిద్దాంలే. అమ్మ కూడా గడులే అనేది.”

ఇద్దరూ నవ్వుతూ, ముక్కులు ఎగబీలుస్తూ లోపలికొచ్చారు. వరూధిని ఆ చీరను కళ్ళకద్దుకుని, పసిబిడ్డను అందించినట్టు ఓబులమ్మ చేతుల్లో పెట్టింది. “ఇదే అడుగుపొర. జాగ్రత్తగా కుట్టు. మా అమ్మే అనుకో.”

ఓబులమ్మ ఆ చీర వంకా, నేల మీద పరిచిన తన నాలుగు బొంతల వంకా చూసి నసిగింది.

“కుట్టమంటే కుడతాను తల్లీ, కానీ ఇది నేను మూట కట్టుకొచ్చిన నా కోక.”