ఐదో మూల

“ఈ బద్ద వంకరగా ఉంది మావా. విప్పి మళ్లీ కట్టు.”

మేరమ్మ వెదురు నక్షత్రం మీద వేళ్లు నడిపిస్తూ అంది. ఆమె కళ్లలో పొరలొచ్చి రెండేళ్లయింది. వెలుగూ నీడా తెలుస్తాయి. మిగతావన్నీ వేళ్లతోనే.

ఆమె మొగుడు ప్రేమయ్య ముడి విప్పాడు. ఇది మూడోసారి. క్రిస్మస్ దగ్గరపడింది. పది రోజులుగా ఆ ఒక్క నక్షత్రమే చేస్తున్నాడు. వెదురు నున్నగా లేదని ఒకరోజు, ముడి వదులని ఒకరోజు, ఆమె పని తెగనివ్వడం లేదు. సాయంత్రం అతను సముద్రం వైపు నాలుగడుగులు వేస్తే చాలు, వెనక నుంచి కేక.

“మావా, బద్దలు ఎండిపోతున్నాయి!”

తిరిగి వచ్చేసేవాడు. ఆమెను ఒంటరిగా వదలడం అతనికీ భయమే.

రంగత్‌కు దిగువన, దీవి ఒడ్డున ఆ రేవులో ఇరవై తెలుగు గడపలు. వచ్చిన కొత్తలో వాళ్ల పెద్దపిల్ల జ్వరంతో పోతే, మేరమ్మ తిన్నగా సముద్రంలోకి నడిచిపోయింది. పక్కింటి నూకన్న జుట్టు పట్టుకుని బయటికి లాగాడు. ఆ తర్వాత మిగిలినవాడు కొడుకు యిర్మియా ఒక్కడే. వాడి డింగీ పడవ ఈ సెప్టెంబరు గాలికి బోల్తాపడింది.

నాలుగో రోజున ప్రేమయ్య, నూకన్న వెతుక్కుంటూ వెళ్లి మడచెట్ల వేళ్లలో చిక్కుకున్న శవాన్ని చూశారు. మొహం మిగల్లేదు. ఒంటి మీద ఎర్ర చొక్కా ఉంది. మేరమ్మ కుట్టిందే. కళ్లు సరిగా ఆనక జేబు కుడివైపు కుట్టేసింది. “అందరికీ ఎడమన, నాకు కుడిన. తప్పిపోయినా తేలిగ్గా దొరికేస్తాను” అని నవ్వి, వాడు ఆ చొక్కాయే వేసుకు తిరిగేవాడు.

చొక్కా విప్పుకుని, శవాన్ని అక్కడే ఇసకలో పూడ్చారు.

“మేరమ్మకి తెలిస్తే ఈసారి నువ్వు కూడా లాగలేవు నూకన్నా” అన్నాడు ప్రేమయ్య. నూకన్న ఉప్పునీళ్లు ముట్టి, ఎవరికీ చెప్పనని ఒట్టేశాడు.

ప్రేమయ్య ఇంటికొచ్చి “ఏదీ కనబడలేదు” అన్నాడు. చొక్కా పారెయ్యడానికి చేతులు రాలేదు. ఉతికి ఆరబెట్టి వలమూట అడుగున దాచాడు. వలను ఆడవాళ్లు ముట్టరు. ముట్టుకుంటే చేప పడదంటారు. ముప్పై ఏళ్లలో మేరమ్మ ఒక్కసారి కూడా ముట్టలేదు. అతను వేటకు వెళ్లడమూ మానేశాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘపెద్ద ఆనందబాబు మాస్టారు వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు.

“అన్నా, చావు జరిగిన ఇంటికి ఆ ఏడాది నక్షత్రం కట్టం. మనం పెట్టుకున్న కట్టుబాటే కదా.”

“చావెవరిది మాస్టారూ?” లోపలినుంచి మేరమ్మ అంది.

“అక్కా, మూడు నెలలు దాటింది…”

“శవాన్ని మీరు చూసినారా?”

“లేదు.”

“మా ఆయన చూసినాడా?”

ప్రేమయ్య చేతిలో కత్తి ఆగింది. “చూళ్లేదు” అన్నాడు.

“మరింకేటి? నా కొడుకు వస్తాడు. నక్షత్రం లేకపోతే ఇల్లెలా గురుతుపడతాడు?”

మాస్టారు ప్రేమయ్య వైపు జాలిగా చూసి లేచాడు. బయట నూకన్నతో “అక్కకి మతి చెదిరింది, పాపం” అన్నాడు. నూకన్న బీడీ పారేసి వెళ్లిపోయాడు.

మర్నాడు మేరమ్మ మైదా ఉడికించింది. జిగురుకు పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వెయ్యాలి. ఆ విషప్పొట్లం ప్రేమయ్య మొలలో ఉంది. మూడు నెలలుగా అక్కడే ఉంది. ఇంట్లో ఆమె చేతికి అందేచోట పెట్టలేదు.

“ఇటియ్యి” అని చెయ్యి చాపింది. ఇచ్చాడు. పొట్లం మొత్తం కుండలో దులిపేసింది.

“అంతా పోసీసినావేటి!”

“నాకేమన్నా కళ్లున్నాయేటి? పోనీ, నీ మొల బరువు తగ్గింది.”

నిరుటి ఎర్రకాగితం నాలుగు మూలలకే సరిపోయింది. ఐదో మూల బద్దలు బయటపడి ఉండిపోయింది.

“రేపు సరుకుల జహాజ్ వస్తాదంట. బజారుకి పోయి కాగితం తే” అంది.

మర్నాడు అతను నూకన్న భార్య యర్రమ్మను తోడు కూర్చోబెట్టి వెళ్లాడు. “నేనొచ్చేదాకా గుమ్మం దాటనియ్యకు.”

“నానెక్కడికి పోతాను మావా?” మేరమ్మ నవ్వింది.

రంగత్ దుకాణంవాడు తల తిప్పాడు. “జహాజ్ నహీ ఆయా భయ్యా. లాల్ కాగజ్ ఖతమ్.” ఓడ రాలేదు, ఎర్రకాగితం అయిపోయింది.

పొద్దువాలే వేళకు తిరిగొచ్చాడు. గుమ్మంలో యర్రమ్మ లేదు. ఇంట్లో ఎవరూ లేరు. సముద్రం వైపు పరుగెత్తాడు.

“మావా! ఇటు, ఇటు!”

ఇంటి వెనక వెదురుగడ కింద మేరమ్మ కూర్చుని ఉంది. పైన నక్షత్రం వేలాడుతోంది.

“యర్రమ్మ ఏది?”

“గడకి కట్టించి నానే పంపీసినాను. పొయ్యి మీద కూరుందంట.”

“కాగితం దొరకలేదే.”

“అక్కర్లేదు. అతికించీసినాను.”

తల ఎత్తాడు. ఐదు మూలలూ మూసి ఉన్నాయి. మసకలో అన్నీ ఒకటే ఎరుపు.

“ఏటి పెట్టినావు?”

“ఇంట్లో పడున్న పాత గుడ్డ.” ఆమె తడుముకుంటూ అతని చెయ్యి పట్టుకుంది. “ఎన్నాళ్లిలా కూర్చుంటావు మావా? రేపు నూకన్నతో వేటకి పో. మళ్లీ ఇంటికి రా. నాకు అది చాలు.”

అతను తాడు వదిలి నక్షత్రం దించాడు. లోపలి డబ్బామూతలో కొవ్వొత్తి ముట్టించాడు. మళ్లీ పైకి లాగాడు.

వెలుగులో ఐదో మూల మీద జేబు కుట్టు కనబడింది.