మలేనా హస్తవాసి

మలేనా వేస్తేనే కణాలు పలుకుతున్నాయి. అదే హార్మోన్ తోటి పరిశోధకుడు ఫాబ్రిసియో వేస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు.

బ్యూనస్ ఐర్స్‌లోని ఆ ల్యాబ్‌లో ఆవు అడ్రినల్ గ్రంథి కణాలను గాజు గిన్నెల్లో పెంచుతారు. హార్మోన్ కబురు అందగానే కార్టిసాల్ తయారుచేయడం వాటి ఉద్యోగం. అలా కబురు మోసే కొత్త హార్మోన్ ఒకటి మలేనా నాలుగేళ్ళుగా తయారుచేస్తోంది. అది పనిచేస్తే డాక్టరేటు. లేకపోతే మామయ్య కూరగాయల కొట్లో ఉల్లిపాయలు తూచడమే. మొదట్లో ఆమెకూ ఏ గిన్నే పలకలేదు. చలి మొదలయ్యాకే దశ తిరిగింది.

"నీ హస్తవాసి అలాంటిది!" అంటుంది ల్యాబ్ పెద్ద డాక్టర్ ఎచార్ట్, గొట్టంతో 'మాటే' ఆకుల కషాయం పీలుస్తూ.

"హస్తవాసో, హస్తలాఘవమో!" అన్నాడు ఫాబ్రిసియో ఓ రోజు.

మలేనాకు ఒళ్ళు మండిపోయింది. మోసం అంటగడితే ఎవరికి మండదు?

"రేపు నా పక్కనే నిలబడి చూడు. కన్ను పక్కకి తిప్పావో, ఊరుకోను!"

మర్నాడు నిలబడ్డాడు. డాలరు కొండెక్కి గ్లవ్స్ పెట్టెలు కస్టమ్స్‌లో ఇరుక్కుపోయిన శీతాకాలం అది. అందరూ వట్టి చేతులనే ఆల్కహాల్‌తో కడుక్కుని పనిచేస్తున్నారు, అందరి చేతులూ బీటలు వారాయి. పోల్చి చూడడానికి హార్మోన్ వేయకుండా ఉంచే గిన్నెలకు మాత్రం మడి. హార్మోన్ ముట్టుకున్న మనిషి వాటి దరిదాపులకు వెళ్ళకూడదు. అది డాక్టర్ ఎచార్ట్ పెట్టిన ఆచారం. కాబట్టి ఆ మడి గిన్నెలు ఫాబ్రిసియో చూసుకున్నాడు, మిగతావి మలేనా. ఆమె మూతలు తీసింది, చుక్కలు వేసింది, మూతలు పెట్టింది. అతను రెప్ప వేయలేదు.

తర్వాతి రోజు కొలిచారు. మడి గిన్నెల్లో కార్టిసాల్ జాడ లేదు. మలేనా గిన్నెల్లో పొంగిపొర్లుతోంది.

"నోరు జారాను మలేనా. నాదే తప్పు. కావాలంటే ఓ చెంపదెబ్బ కొట్టు," అన్నాడు ఫాబ్రిసియో.

"దెబ్బలొద్దు గానీ, అందరికీ మెదియాలూనా రొట్టెలు పట్రా. వెన్న దండిగా ఉండాలి!"

రొట్టెలు తింటూనే డాక్టర్ ఎచార్ట్ ఈ ఫలితాల పరిశోధన పత్రాన్ని సైన్సు పత్రికకు పంపేసింది. ఇలాంటి వాటికి ఆలస్యం పనికిరాదట.

ఇంటికి వెళ్తుంటే మలేనా కాళ్ళు నేల మీద నిలవలేదు. వీధి చివర మందుల షాపులో ఆగింది. అక్కడ డాన్ ఒస్వాల్దో లేపనాలు స్వయంగా కలిపి, పేరూ ఊరూ లేని డబ్బాల్లో పోసి ఇస్తాడు.

"చేతుల లేపనం ఇంకో డబ్బా ఇవ్వండి. ఎన్నిసార్లు కడిగినా జిడ్డు వదలదు గానీ, చలి మొదలైనప్పట్నించీ నన్ను కాపాడింది అదే."

"ఏంటమ్మాయ్, మొహం వెలిగిపోతోంది? పెళ్ళి కుదిరిందా?"

"అంతకంటే గొప్ప సంగతి! నాలుగేళ్ళు కష్టపడి కణాల చేత కార్టిసాల్ చేయించాను."

డాన్ ఒస్వాల్దో కళ్ళజోడు పైకి తోసుకుని, డబ్బా నింపుతూ అన్నాడు:

"కార్టిసాలా? దానికి నాలుగేళ్ళెందుకే పిచ్చిపిల్లా, ఈ చలికాలమంతా నీ చేతులకి రాసుకోమని నేనిస్తున్నది అదేగా!"