వేలు పడలేదు

"ఆ తెర ఇటు తిప్పు. దేనికి వేలిముద్ర వేయించుకుంటున్నావో వాళ్ళనూ చూడనీ!"

గుర్తింపు కార్డుల కేంద్రంలో కౌంటరు పట్టుకుని ఓ ముసలావిడ అరుస్తోంది.

లైనులో ముందున్న టైలరమ్మకు ఒళ్ళు మండింది. సాయంత్రంలోగా కార్డులో ఫోన్ నంబరు మారకపోతే కూతురి కాలేజీ సీటు గోవిందా.

"రోజూ ఇదే గోల. పట్టించుకోకండక్కా, వేలు పెట్టండి," అన్నాడు ఆపరేటర్ తల ఎత్తకుండా.

పెట్టింది.

"పడలేదు. ఇంకోసారి."

ముసలావిడ చటుక్కున ఆమె మణికట్టు పట్టుకుంది.

"వద్దమ్మా! మొదటిసారే పడింది. రెండోది ఎందుకో అడుగు."

ఆ జిడ్డు చేతిని టైలరమ్మ విదిలించుకుంది.

"ఛీ, ముట్టుకోకు! మా పనులు చెడగొట్టడానికే దాపురించావా?"

"సినిమా అయిపోయింది, ఇంటికెళ్ళు మామ్మా," అన్నారెవరో. లైనంతా నవ్వింది.

టైలరమ్మే ఆవిడను భుజం పట్టి గుమ్మం బయటికి నెట్టింది. వచ్చి ఇంకోసారి వేలు పెట్టింది. అడిగితే మరోసారీ పెట్టింది.

సీటు వచ్చింది. వెనకాలే పోలీసులూ వచ్చారు.

ఆమె పేరున తీసిన సిమ్ముతో ఎవరో జనాన్ని నిలువునా ముంచారట.

"నేను తీసుకోలేదు బాబూ!"

"వేలు నీదే. సిస్టమ్ అబద్ధం చెబుతుందా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "సాక్షిని తెచ్చుకో. లేకపోతే లోపలికే."

కార్డుల పెద్దాఫీసుకు పరిగెత్తింది. తన వేలు ఎక్కడెక్కడ వాడారో చెప్పమంది.

"అది గోప్యం. చెప్పకూడదు."

"నా వేలి సంగతి నాకే చెప్పరా? థూ!"

లైనులో నవ్వినవాళ్ళ గుమ్మాలు తొక్కింది. ఎవరికీ ఏమీ గుర్తు లేదు.

చివరికి, మొహం చెల్లకపోయినా, ముసలావిడ దగ్గరికే వెళ్ళింది.

ఆవిడ గుమ్మం దాకా వచ్చి మళ్ళీ లోపలికి వెళ్ళింది. తర్వాత చెప్పులు తొడుక్కుంది.

స్టేషనులో అంతా చెప్పింది. ఆపరేటర్ దొంగ సిమ్ములు ఎక్కడ దాస్తాడో కూడా చెప్పింది. వెళ్ళిన పోలీసులు సిమ్ములతో పాటు అతన్నీ పట్టుకొచ్చారు. టైలరమ్మను ఇంటికి పొమ్మన్నారు.

ఆమె కదల్లేదు. ఆవిడను నెట్టిన తన చేతిని చూసుకుంటే అసహ్యం వేసింది.

ఇన్‌స్పెక్టరు విసుక్కున్నాడు. "ఇంత తెలిసినదానివి, మా దగ్గరకు రాకుండా ఇన్నాళ్ళూ అక్కడ అరుస్తూ కూర్చున్నావేం?"

ముసలావిడ లాకప్పు వైపు చూడకుండా కొంగుతో మొహం తుడుచుకుంది.

"మీకు చెబితే పట్టుకెళ్తారని బాబూ... వాడు నా కొడుకు."